మూడు వారాలకే జెల్ మార్చకండి, దానికి ఇంకోటి తోడు చేయకండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు వారాలుగా రోజూ రాత్రి 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాస్తున్నారు. ముక్కు పక్కన, నోటి చుట్టూ పొట్టు లేస్తోంది. పాతవి తగ్గకముందే గడ్డం మీద కొత్తవి వచ్చాయి. హాస్టల్లో ఫ్రెండేమో 5 శాతం కొనమంటోంది, గుంటూరులో అత్తయ్యేమో కారం మానెయ్యమంటోంది. నెలన్నరలో మీ అక్క పెళ్లి. ఇక ఇది పనిచేయదని వదిలేసి వేరేది కొనాలా అని అడిగారు.

కొనొద్దు. పొట్టు ఆగేదాకా నాలుగైదు రోజులు జెల్ ఆపి, తర్వాత ఇదే జెల్ రోజు మార్చి రోజు రాయండి. నేను డాక్టర్ని కాను. బెజవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే మందుతో నెలల తరబడి కాపురం చేశాను, ఆ అనుభవంతోనూ తర్వాత చదివి తెలుసుకున్నదానితోనూ చెబుతున్నాను.

ఇవాళ గడ్డం మీద కనిపించే మొటిమ ఇవాళ పుట్టింది కాదు. వెంట్రుక కుదురులో జిడ్డు, చచ్చిన చర్మం కలిసి బిరడాలా అడ్డుపడినప్పుడే అది మొదలైంది. అది ఎర్రగా ఉబ్బి పైకి తేలేసరికి వారాలు గడుస్తాయి. కాబట్టి ఇప్పుడు మీకు వస్తున్నవాటిలో చాలావరకు ట్యూబు కొనకముందే లోపల తయారై కూర్చున్నవి. వాటిని చూసి మందు పనిచేయలేదని తీర్పు చెప్పేస్తే ఎలా? బెంజాయిల్ పెరాక్సైడ్ కుదురు లోపలికి చేరి ఆక్సిజన్ వదులుతుంది. మొటిమల్ని ముదరబెట్టే బ్యాక్టీరియాకి ఆ ఆక్సిజన్ పడదు. యాంటిబయాటిక్‌కి మొండికేసినట్టు ఆ బ్యాక్టీరియా దీనికి మొండికేయలేదు, అందుకే క్లిండమైసిన్ అనే యాంటిబయాటిక్ జెల్ రాసే డాక్టర్లు తోడుగా దీన్నీ రాస్తుంటారు. తేడా గట్టిగా తెలియడానికి మాత్రం 8 నుంచి 12 వారాలు పడుతుంది. మీరింకా మూడో వారంలో ఉన్నారు.

5 శాతం గురించి. ఎర్రగా ఉబ్బే మొటిమల మీద 2.5 శాతం జెల్ దాదాపు 10 శాతం జెల్ చేసినంత పనీ చేస్తుందని ఎప్పుడో తేలింది. అంకె పెరిగేకొద్దీ మంట, పొట్టు పెరుగుతాయి కానీ ఫలితం అదే లెక్కన పెరగదు. పైగా మన చామనచాయ చర్మానికి ఇంకో బాధ ఉంది. మంటపుట్టిన చోట నల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. మొటిమ వారంలో పోతే మచ్చ నెలల తరబడి కూర్చుంటుంది. తొందరపడి ఘాటు పెంచుకోవడమంటే లేని మచ్చల్ని కొని తెచ్చుకోవడమే.

మళ్లీ మొదలుపెట్టాక ఇలా చేయండి. మామూలు ఫేస్‌వాష్‌తో కడిగి ముఖం పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద రాస్తే చురచుర ఎక్కువ. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. దాన్ని మొటిమ మీద బొట్టులా పెట్టకుండా, మొటిమలు వచ్చే భాగమంతా పల్చగా పరవండి. కంటి చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు మడతల్లో వద్దు. మీకు పొట్టు లేస్తోంది సరిగ్గా ఆ మడతల్లోనే. పైన వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. అప్పటికీ తట్టుకోలేకపోతే జెల్ రాసి ఐదు పది నిమిషాలకు కడిగేయండి, అలా వాడినా పనిచేస్తుంది. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. నేను పటమట నుంచి గవర్నర్‌పేట ఆఫీసుకి స్కూటీ మీద వెళ్లేదాన్ని. ఏప్రిల్లో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర స్కార్ఫ్ లోపల చెమట ఎలా కారుతుందో బండి నడిపే అమ్మాయిలకి చెప్పక్కర్లేదు. స్కార్ఫ్ కట్టుకోండి, కానీ రోజూ ఉతికింది కట్టుకోండి, దవడ దగ్గర బిగించకండి. ఆ రాపిడికి కూడా మొటిమలొస్తాయి.

ఓపిక అంటే ఊరికే కళ్లు మూసుకుని ఎదురుచూడటం అనుకుంటారు. అది నిజానికి తేలికే. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేవాటిలో ఒక్కటీ ముఖానికి తగలనివ్వకుండా మూడు నెలలు గడపడం కష్టం. మా ఇంట్లో ఆదివారం తలంటు అంటే సున్నిపిండి ఉండాల్సిందే. "ఆ ట్యూబులెందుకే, ఒక్కసారి గట్టిగా రుద్దితే పోతాయి" అని మా పెద్దమ్మ గిన్నె పట్టుకుని నిలబడేది. ఒంటికి రుద్దించుకుని ముఖం మాత్రం తిప్పేసేదాన్ని. పెరాక్సైడ్ రాసిన చర్మం పొడిబారి, సున్నితంగా ఉంటుంది. దాని మీద సున్నిపిండి రాపిడి, నిమ్మరసం, టూత్‌పేస్ట్, వాల్‌నట్ స్క్రబ్ ఏది పడినా మంటే. తర్వాత ఆ మంట దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేం, నింద మాత్రం జెల్ మీద పడుతుంది.

కారం సంగతీ చెబుతాను. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో కారం వల్లే మొటిమలొచ్చేట్టయితే గుంటూరులో నున్నటి ముఖం ఒక్కటీ మిగలకూడదు. మొటిమలకి కారంతో సంబంధం ఉన్నట్టు రుజువు లేదు. రక్తంలో చక్కెరని గబుక్కున పెంచే తిండితో, కొంతమందికి పాలతో సంబంధం ఉన్నట్టు మాత్రం పరిశోధనలు చెబుతున్నాయి. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి తగ్గించి చూడండి, నష్టం లేదు. ఆవకాయ జోలికి వెళ్లక్కర్లేదు. అత్తయ్యతో వాదన పెట్టుకోకుండా "సరే అత్తయ్యా, తగ్గిస్తాను" అనేయండి, ప్రశాంతంగా ఉంటుంది.

ఈ మందు గుడ్డల రంగు లాగేస్తుందని మందుల షాపులో ఎవరూ చెప్పరు. నా మెరూన్ దిండు గలీబు మీద చెంప ఆనేచోట నారింజ రంగు మరకలు పడ్డాయి. మా అమ్మ కొన్నాళ్లు సబ్బు పొడిని అనుమానించింది, తర్వాత పనిమనిషి బ్లీచింగ్ నీళ్లు చల్లిందంది. మంగళగిరి చున్నీ అంచు కూడా అలాగే వెలిసిపోయాక అసలు దొంగ దొరికింది. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు వాడండి. రాశాక చేతులు కడుక్కోండి. పెళ్లికి కొన్న పట్టు బట్టలు ఆ చేతులతో ముట్టుకోకండి.

తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి అద్దం పనికిరాదు. హాస్టల్ బాత్రూం ట్యూబ్‌లైటు కింద ఎవరి ముఖమైనా భయంకరంగానే ఉంటుంది. రెండు వారాలకోసారి ఒకే కిటికీ దగ్గర, పగటి వెలుతురులో ఫొటో తీసుకోండి. అందులో మచ్చల్ని లెక్కపెట్టకండి, కొత్తగా లేచినవాటిని చూడండి. చాలామంది మందు వదిలేసేది ఇక్కడే. కొత్తవి రావడం ఆగినా పాత మచ్చలు అలాగే ఉంటాయి కాబట్టి ఏమీ మారలేదనుకుంటారు. నాకైతే ముందు తెలిసింది కంటికి కాదు, చేతికి. దవడ కింద వేలితో తడిమితే గోలీల్లా తగిలే నొప్పి గడ్డలు ఉండేవి. ఒకరోజు ముఖం కడుక్కుంటుంటే ఆ వైపంతా మెత్తగా తగిలింది. అద్దంలో మాత్రం అప్పటికీ చుక్కల ముగ్గే.

"వారంలో పోతాయి" అని ఎవరైనా ఏదైనా క్రీమ్ చేతిలో పెడితే ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బెటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసాల్ ఇలా చివర "సోన్", "సాల్" అని కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదటి వారం ముఖం నిజంగానే మెరుస్తుంది. ఆపగానే మొటిమలు రెట్టింపుగా తిరిగొస్తాయి, చర్మం పల్చబడి ఎర్రబడుతుంది, ఆ అలవాటు మానడం మొటిమలు తగ్గించుకోవడం కంటే కష్టం. చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని 2018లో కేంద్రం చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉంటాయి. పెళ్లి దగ్గరపడేకొద్దీ మీకు ఈ ఆశే ఎక్కువ పుడుతుంది, అందుకే ముందే చెబుతున్నాను. మొటిమలకే రాసే ఇంకో మందు అడపలీన్ పేరు కూడా వినే ఉంటారు. అమెరికాలో 2016 నుంచి 0.1 శాతం అడపలీన్ జెల్ చీటీ లేకుండానే ఇస్తున్నారు. ఇక్కడ అది డాక్టర్ చెబితే వాడాల్సిన మందు, మీ అంతట మీరు ఈ జెల్‌కి కలపొద్దు.

పెళ్లినాటికి మీకు తొమ్మిదో వారం వస్తుంది. కొత్తవి తగ్గి ఉండే అవకాశం బాగానే ఉంది, మచ్చలు మాత్రం ఉంటాయి. వాటికి మేకప్ ఉంది. పార్లర్లో ముఖానికి బ్లీచ్, వ్యాక్సింగ్ వద్దనండి. నలుగు పెట్టే రోజు చేతులకీ కాళ్లకీ ఎంతైనా పూయించుకోండి, ముఖం వరకు వద్దని మీ అమ్మగారితో ముందే అనిపించండి. అప్పటికప్పుడు మీరు చెబితే పేరంటాళ్లు వినరు.

ఓపిక పట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. రాసిన చోట బొబ్బలు, విపరీతమైన దురద వస్తే వెంటనే ఆపేయండి. ముఖం వాచినా, గొంతు బిగిసినట్టున్నా, ఊపిరి అందకపోయినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇలాంటి మందులతో అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుందని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇవేవీ లేకపోయినా లోతుగా నొప్పిపెట్టే గడ్డలు, గుంటలు పడుతున్న మచ్చలు ఉంటే మూడు నెలలు చూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యమైతే గుంటలు శాశ్వతంగా ఉండిపోతాయి. నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు కూడా పెరుగుతుంటే అది హార్మోన్ల సంగతి, జెల్‌తో తీరదు. 12 వారాలు సరిగ్గా వాడినా కొత్తవి అదే జోరున వస్తుంటే కూడా డాక్టర్ దగ్గరికే.

డబ్బు ఇబ్బందైతే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఇలాంటి విభాగాల బోర్డు మీద "సుఖవ్యాధులు" అనే మాట కూడా ఉంటుంది, అది చూసి చాలామంది అమ్మాయిలు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది మొటిమలకో, తామరకో, జుట్టు రాలిపోతోందనో వచ్చినవాళ్లే. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసిన ట్యూబులన్నీ, ఫ్రెండు ఇచ్చినవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది అదే.