మిషన్‌కి అడ్వాన్సు ఇచ్చేముందు

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. కారం మిల్లు పెద్దది చెయ్యాలనుకోవటం చాలా మంచి ఆలోచన. కానీ ‘పది లక్షల సబ్సిడీ వస్తుందట పెద్దమ్మా, దసరాలోపు మిషన్‌కి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం’ అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నా. అడ్వాన్సు ఇవ్వకు. ఇది చదివేదాకా ఆగు.

నువ్వు చెప్పేది పీఎంఎఫ్ఎంఈ పథకం గురించే కదా. చిన్నచిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టింది. బ్యాంకు అప్పు తీసుకుని పెట్టే ఖర్చులో 35 శాతం సబ్సిడీ, అది 10 లక్షలు దాటదు. అందరూ ఆ ‘10 లక్షలు’ అన్న ముక్క ఒక్కటే చెవిన వేసుకుంటారు. మీకు నిజంగా కావలసినవేమిటి? పెద్ద పల్వరైజరు (పొడి కొట్టే మిషను), వేయించే రోస్టరు, ప్యాకింగు మిషను, షెడ్డు బాగుచేత. నీ లెక్క ప్రకారమే 16 లక్షలు. దానికి సబ్సిడీ 5 లక్షల 60 వేలు. పూర్తి పది రావాలని, బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు రాసేవాళ్ళు దీన్ని 28 లక్షలకి లాగుతారు. అప్పుడు సబ్సిడీ 9 లక్షల 80 వేలు అవుతుంది. అంటే 4 లక్షల 20 వేల కోసం 12 లక్షల ఖర్చు నెత్తికెత్తుకున్నట్టు. మిగతా 7 లక్షల 80 వేలు ఎవరు కట్టాలి? మీరే. అవసరం లేని మిషన్ మూలన పడి ఉన్నా దాని వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి సంతకాలయ్యాక గానీ తెలియదు. ఆ సబ్సిడీ డబ్బు మీ చేతికి రాదు. బ్యాంకులోనే మీ పేర వేరే ఖాతాలో ఉంటుంది. అప్పు చివరి విడత తీసుకున్న నాటి నుంచి మూడేళ్ళు వాయిదాలు తప్పకుండా కట్టి, మిల్లు నడుస్తూ ఉంటే, అప్పుడు అప్పులో జమ చేస్తారు. కాబట్టి 16 లక్షల్లో మీ వాటా కనీసం 10 శాతం, అంటే లక్షా 60 వేలు పోగా, 14 లక్షల 40 వేలకి వాయిదా కట్టగలమా అని చూసుకో. ఐదేళ్ళకి, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకి 31 వేల పైచిలుకు. రోజుకి ఎన్ని కిలోలు ఆడితే, ఎంత అమ్మితే అది వస్తుందో నువ్వూ మీ ఆయనా కూర్చుని కాగితం మీద వేసుకోండి. సబ్సిడీ మొత్తం మీద వడ్డీ ఎలా లెక్కిస్తారన్నది మంజూరు కాగితంలో చూసి, అర్థం కాకపోతే మేనేజరుని అడిగి రాయించుకో. మొహమాటపడకు.

నాకు అన్నిటికన్నా భయం కాయ కొనే డబ్బు గురించి. మిర్చి యార్డులో కొత్త కాయ వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడు తేజ, 334 రకాలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోకపోతే, వానాకాలంలో ఏ రేటు చెబితే ఆ రేటుకి కొనాలి. ఆ కొనుగోలు డబ్బు సబ్సిడీ లెక్కలోకి రాదు. సబ్సిడీ మిషన్లకీ, షెడ్డు పనికీ మాత్రమే. షెడ్డు పని కూడా మొత్తం ఖర్చులో 30 శాతం మించకూడదు, స్థలం ఖరీదు అసలు కలపరు. చేతిలో ఉన్న రొక్కమంతా మిషన్ల వాటాకి పోసి, ఫిబ్రవరిలో చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళని చూశాను. అందుకే అప్పుకి వెళ్ళినప్పుడే వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనటానికీ, రోజువారీ ఖర్చులకీ వాడుకునే అప్పు) పరిమితి కూడా కలిపి అడుగు.

నా సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పచ్చళ్ళ షెడ్డు పెంచేటప్పుడు నేనూ అప్పటి సబ్సిడీ ఒకటి ఆశించాను. పండగ తర్వాత రేటు పెరుగుతుందని మిషన్ అమ్మేవాడు తొందరపెట్టాడు. రొక్కమిచ్చి, తెల్లకాగితం బిల్లు మీద తెచ్చేశాను. నెల తర్వాత అప్పు మంజూరైంది. మంజూరుకి ముందు కొన్నది లెక్కలోకి రాదన్నారు. మీ పెదనాన్న ఏమీ అనలేదు గానీ, ఆ యేడు మా అబ్బాయి హాస్టలు ఫీజు నా గాజులు పెట్టి కట్టాం. ఆ కష్టం నువ్వు పడకూడదు. మంజూరు వచ్చాకే కొను. జీఎస్టీ బిల్లు మీద కొను. డబ్బు బ్యాంకు నుంచి అమ్మేవాడి ఖాతాకే పోవాలి.

కాగితాల్లో నువ్వు చూసుకోవలసింది ఒక్కటే, పేర్లు. ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న పరిశ్రమగా చేయించుకునే నమోదు) మీ ఆయన పేర, ఫుడ్ లైసెన్సు నీ పేర ఉన్నాయన్నావు. అలా కుదరదు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, మిల్లు ఎవరిదో వాళ్ళ పేరే అన్నిట్లో ఉండాలి. నీ పేరనే పెట్టించుకో, పని చేసేది నువ్వు కాబట్టి. దరఖాస్తు నింపటానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. వాళ్ళ ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, నువ్వు రూపాయి ఇవ్వక్కర్లేదు. ‘సబ్సిడీలో ఇంత శాతం నాకు’ అని ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చి పంపెయ్.

బ్యాంకులో పొలం కాగితాలు పెట్టమంటే వెంటనే ఒప్పుకోకు. ఒక పరిమితి దాకా చిన్న యూనిట్ల అప్పుకి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆపై అప్పుకి సీజీటీఎంఎస్ఈ (చిన్న యూనిట్ల అప్పులకి బ్యాంకుకి హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ ఉంది, దానికి ఏటా కొంత ఫీజు పడుతుంది. మీ మామగారి రెండెకరాలు కదపకుండా పని అయ్యేట్టు చూడు.

మీ డ్వాక్రా సంఘంలో కారాలూ పొడులూ చేసేవాళ్ళున్నారు కదా, ఇదే పథకంలో వాళ్ళకి మనిషికి 40 వేల దాకా మూలధనం ఉంది. సంఘం ద్వారానే వస్తుంది. వాళ్ళకీ చెప్పు.

ఈ పథకం గడువు మొదట ఐదేళ్ళే, తర్వాత 2025-26 దాకా పొడిగించారు. కాబట్టి ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడుగు, తర్వాతే రిపోర్టుకి ఖర్చు పెట్టు. లేదంటే పీఎంఈజీపీ అని కేంద్రానిదే ఇంకో సబ్సిడీ పథకం ఉంది, దాని గురించి అక్కడే అడుగు, దాని నిబంధనలు వేరు.

ఆదివారం తెనాలి రా. మూడు చోట్ల కొటేషన్లు, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు తీసుకురా. పెద్ద మోటారుకి లోడు పెంచాలంటే ఎంత కట్టాలో లైన్‌మ్యాన్‌ని అడిగి రా, ఆ ఖర్చు మీ లెక్కలో ఎక్కడా కనబడలేదు. పిల్లల్ని కూడా తీసుకురా, సున్నుండలు చేసి పెట్టాను.

నీ పెద్దమ్మ