18,990 రూపాయల కంట్రోలర్ ఈఎంఐలో కొనొచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 46,000 వస్తుంది. నిజాంపేటలో ముగ్గురం కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. అద్దె, తిండి కలిపి నా వాటా 17,000. ఒంగోలులో అమ్మానాన్నలకు 12,000 పంపుతాను. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది, అత్యవసరానికని ముట్టుకోను. క్రెడిట్ కార్డులో 31,000 బాకీ ఉంది, నెలకు 1,600 కడుతున్నాను. నాకున్న ఒకే ఒక్క సరదా సోనీ ప్లేస్టేషన్ కన్సోల్ పీఎస్5లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే తుపాకుల ఆట. వారానికి పది గంటలు ఆడతాను. పోయిన దీపావళి సేల్‌లో కొన్న ప్యాడ్‌లో (ఆడే కంట్రోలర్) అప్పుడే డ్రిఫ్ట్ మొదలైంది. స్టిక్ ముట్టుకోకపోయినా గురి పక్కకి జారిపోతోంది. సోనీ వాళ్ల ఖరీదైన కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ కొందామనుకుంటున్నాను. ధర 18,990, తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 2,110. ఒక రూమ్మేట్ స్టిక్ అరగని హాల్ ఎఫెక్ట్ కంట్రోలర్ నాలుగైదు వేలకే వస్తుందంటాడు. పాత ప్యాడ్ విప్పి శుభ్రం చేస్తానని స్క్రూడ్రైవర్ కూడా తెచ్చాడు. ఇంకో రూమ్మేట్ కన్వర్టర్ పెట్టి మౌస్, కీబోర్డుతో ఆడమంటాడు. రెండు వారాలుగా ఇదే వాదన. ఎవరి మాట తప్పైతే వాళ్లు బిర్యానీ పెట్టించాలని పందెం. బ్యాంకు, కార్డు ఆరు నెలల స్టేట్‌మెంట్లు పంపుతున్నాను. ఎవరు కరెక్టు? ఈఎంఐ పెట్టొచ్చా? - ఎస్., హైదరాబాద్

జవాబు: ముందు ఆ స్క్రూడ్రైవర్ లోపల పెట్టించండి. దీపావళికి కొన్నారంటే మీ ప్యాడ్‌కి ఇంకా ఏడాది నిండలేదు, వారంటీ ఉంది. బిల్లు తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. డ్రిఫ్ట్‌కి మార్చి ఇస్తారా, బాగుచేసి ఇస్తారా, కుదరదంటారా అన్నది వాళ్లు చూసి చెబుతారు. అడిగినందుకు డబ్బేమీ పోదు. మీరే విప్పితే మాత్రం అడిగే హక్కు కూడా పోతుంది.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నేను గేములు ఆడను. మా మేనల్లుడు మొదటిసారి "అత్తా, కొత్త ప్యాడ్ కావాలి" అన్నప్పుడు క్రికెట్ ప్యాడ్ అనుకున్నదాన్ని. వాడూ ఇలాగే వీడియో చూసి పదో నెలలో విప్పేశాడు, తిరిగి బిగించాక ఒక బటన్ పనిచేయడం మానేసింది. చివరికి ఇద్దరం విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు స్టిక్ కింది భాగం ఊడదీసి, భూతద్దం దీపం కింద పెట్టి చూపించాడు. స్టిక్‌కి రెండు పక్కలా చిన్న డబ్బీలు. వాటి లోపల నల్లటి కార్బన్ పూత, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి రేకు. పూత నడిమధ్యలో అరిగి మెరుస్తోంది, చుట్టూ కాటుకలాంటి పొడి. "పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది కదండీ, అదే సామాను" అన్నాడు. అప్పుడు నాకు విషయం మొత్తం అర్థమైంది. డ్రిఫ్ట్ అంటే దెయ్యం కాదు, అరుగుదల. ఆ భాగానికి డజనుకు పైగా కాళ్లుంటాయి, అన్నీ సోల్డర్ తీసి కొత్తది అతికించాలి. 900 తీసుకున్నాడు. ఆ ప్యాడ్ ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి కంట్రోలర్‌ని బండి టైరులా చూడండి. వాడితే అరుగుతుంది, అరిగితే మార్చాలి. ఆ లెక్కన మీ ముగ్గురి వాదన చూద్దాం.

హాల్ ఎఫెక్ట్ అన్న రూమ్మేట్ చెప్పిన సూత్రం సరైనదే. అందులో రేకు, పూత ఉండవు, అయస్కాంతం ఎంత జరిగిందో సెన్సర్ చూస్తుంది. రాసుకునేదేమీ లేదు కాబట్టి ఆ రకం అరుగుదల ఉండదు. కానీ మీ ఇంట్లో ఉన్నది పీఎస్5. సోనీ లైసెన్స్ లేని కంట్రోలర్‌తో పీఎస్5 గేములు ఆడనివ్వదు. సోనీదే అయిన పాత పీఎస్4 ప్యాడ్ కూడా పీఎస్5 గేములకు పనికిరాదు. నాలుగైదు వేలకు దొరికే హాల్ ఎఫెక్ట్ ప్యాడ్‌లు ఎక్కువగా పీసీకి, ఎక్స్‌బాక్స్‌కి, స్విచ్‌కి చేసినవి. పీఎస్5 లైసెన్స్‌తో హాల్ ఎఫెక్ట్ స్టిక్స్ ఉన్న నాకాన్ రివల్యూషన్ 5 ప్రో లాంటివి ఉన్నాయి గానీ ధరలో అవి ఎడ్జ్ పక్కన నిలబడేవే. పైగా నాకాన్‌తో పీఎస్5 గేముల్లో వైబ్రేషన్ ఉండదు. డబ్బాలో వచ్చింది మీ కన్సోల్‌కి కుదరకపోతే నాలుగు వేలు మిగిలినట్టు కాదు, పోయినట్టు.

కన్వర్టర్ సంగతికి ఎక్కువసేపు అక్కర్లేదు. మౌస్‌ని కంట్రోలర్ అని కన్సోల్‌ని నమ్మించే పెట్టెలవి. కాల్ ఆఫ్ డ్యూటీ వాళ్ల మోసాలు పట్టే రికోషే వ్యవస్థ 2023 నుంచి అలాంటి పరికరాలను పట్టుకుంటోంది. ఖాతా బ్యాన్ అయితే మీరు అందులో కొన్నవన్నీ దానితోపాటే పోతాయి. తమాషా ఏమిటంటే కాల్ ఆఫ్ డ్యూటీ పీఎస్5లో మామూలు మౌస్, కీబోర్డు నేరుగా ఒప్పుకుంటుంది. ఆఫీసు మౌస్ తెచ్చి ఒక సాయంత్రం గుచ్చి చూడండి. కాకపోతే గురి పెట్టడంలో గేమ్ కంట్రోలర్‌కి చేసే సాయం, ఎయిమ్ అసిస్ట్, మౌస్‌కి ఉండదు. రేపు వాలరెంట్ అనే ఇంకో షూటర్ ఆటకి మారదామనుకుంటే కన్సోల్‌లో దానికి కంట్రోలర్ ఒక్కటే దిక్కు.

ఇక మీ ఎడ్జ్. 2023 జనవరిలో వచ్చింది, మంచి వస్తువే. వెనక రెండు బటన్లు పెట్టుకోవచ్చు. ఎగరడానికో, తూటాలు నింపుకోవడానికో కుడి బొటనవేలు స్టిక్ మీంచి తీయక్కర్లేదు, గురి చెదరదు. షూటర్ ఆటల్లో పనికొచ్చే సౌకర్యం ఏదైనా ఉంటే ఇదేనని మా మేనల్లుడి వాదన, నాకూ సబబుగానే తోచింది. ట్రిగ్గర్ ఎంత లోతుకి దిగాలో కూడా ఎంచుకోవచ్చు. అయితే 18,990 పెట్టినా స్టిక్ లోపల ఉన్నది ఆ నల్ల పూత, రేకు రకమే. అదీ అరుగుతుంది. తేడా ఏమిటంటే సోల్డర్ లేకుండా స్టిక్ భాగాన్ని ఊడదీసి, విడిగా కొన్నది మీరే పెట్టుకోవచ్చు. బ్యాటరీ మాత్రం మామూలు డ్యుయల్‌సెన్స్ కంటే చిన్నది. ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లు ఎలీట్ సిరీస్ 2 కంట్రోలర్ వైపు చూస్తారు, దానికి వెనక నాలుగు మీటలు ఉంటాయి. కానీ స్టిక్ అరిగితే ఎడ్జ్‌లా ఊడదీసి మార్చే వీలు లేదు.

కొనేముందు ఇంట్లోనే ఉచితంగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్, అంటే స్టిక్ చిన్న కదలికలను గేమ్ పట్టించుకోని మేర, కొంచెం పెంచితే చిన్న డ్రిఫ్ట్ తెలియకుండా పోతుంది. బటన్ లేఅవుట్‌ని టాక్టికల్‌కి మారిస్తే వంగడం కుడి స్టిక్ నొక్కుడుకి వస్తుంది, బంపర్ జంపర్ పెడితే ఎగరడం ఎడమ చూపుడువేలికి వస్తుంది. ఎడ్జ్ వెనక బటన్లు చేసే పనిలో సగం ఇక్కడే అయిపోతుంది. ట్రిగ్గర్ బిగుతుగా ఉండే ఎఫెక్ట్ తీసేయండి, తుపాకీ మీట తేలికవుతుంది. ప్యాడ్‌ని చేత్తో వంచి గురి పెట్టే జైరో కూడా మీ దగ్గరున్న ప్యాడ్‌లోనే ఉంది. చేతికి అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది, అప్పటిదాకా రూమ్మేట్లు నవ్వుతారు.

ఇప్పుడు నా సబ్జెక్టుకి, డబ్బు లెక్కలకి వస్తాను. 18,990 మీ స్థాయికి ఎక్కువని నేను అనను. మీరు వారానికి పది గంటలంటే ఏడాదికి 520. రెండేళ్లు వస్తే గంటకు 18 రూపాయలు. ఆరు వేల చుట్టూ దొరికే మామూలు ప్యాడ్ అయితే గంటకు ఆరు. గంటకు 18 రూపాయల వినోదం హైదరాబాద్‌లో ఇంకెక్కడ దొరుకుతుంది? మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ వాసన కూడా రాదు. నా పేచీ ధరతో కాదు, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదానితో.

మీ కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. ఊళ్లో మాటలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఒంగోలులో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే మీ నాన్నగారు ఏమంటారో ఒకసారి ఊహించుకోండి. 31,000 మీద నెలకు 1,085, దాని మీద 18 శాతం జీఎస్టీ 195, మొత్తం 1,280. మీరు కడుతున్న 1,600లో అసలుకి చేరుతున్నది 320. ఆ 320నీ మళ్లీ స్విగ్గీలో గీకేస్తున్నారు. అందుకే ఆరు నెలలుగా బాకీ 31,000 దగ్గరే కదలకుండా కూర్చుంది. ఇలాగే సాగితే పదిహేను నెలలకు 19,200 వడ్డీకే పోతుంది. అంటే మీరు ఎడ్జ్ ఇప్పటికే కొంటున్నారు, డబ్బా మాత్రం ఇంటికి రావడం లేదు.

ఇంకోటి, బాకీ అలా నడుస్తున్నంత కాలం కార్డు మీద కొత్తగా గీసిన ప్రతిదానికీ ఆ రోజునుంచే వడ్డీ. నలభై ఐదు రోజుల గడువు అనేది పూర్తి బిల్లు కట్టేవాళ్లకే.

నో కాస్ట్ అనే మాట కూడా అంత నిజం కాదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వేసే వడ్డీ మొత్తాన్ని అమ్మేవాడు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తాడు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మీకే పడతాయి. 16 శాతం వడ్డీ, 199 ఫీజు అనుకుంటే మీ 18,990కి నాలుగున్నర వందలు అదనం. పెద్ద మొత్తం కాదు. అసలు చిక్కు, ఆ 2,110 ప్రతి నెలా మీ కార్డుకి తప్పక కట్టాల్సిన మినిమమ్‌లో కలుస్తుంది. ఒక్క నెల తప్పితే అదీ మూడున్నర రూపాయల గంపలోకే.

మీ 60,000 ఎఫ్‌డీ ఆరున్నర శాతం తెస్తోంది. అందులో 31,000 మీద ఏడాదికి 2,000 వస్తుంది, అదే 31,000 బాకీ మీద మీరు ఏడాదికి 15,000 పైన కడుతున్నారు. ఒక జేబులో చిల్లర వేసుకుంటూ ఇంకో జేబులోంచి నోట్లు జారవిడుస్తున్నారు. ఎఫ్‌డీ తీసి కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేయండి. ముందుగా తీసినందుకు వడ్డీలో కాస్త కోత పడుతుంది, పట్టించుకోకండి. మిగిలిన 29,000 మళ్లీ ఎఫ్‌డీలో వేయండి. "మరి అత్యవసరం వస్తే?" అంటారు. మీది ఇప్పుడు అత్యవసరమే. నిజంగా ఆసుపత్రి ఖర్చు వస్తే ఖాళీ అయిన కార్డు ఒకటి చేతిలో ఉంటుంది కదా.

ఆ తర్వాత చూడండి. కార్డుకి కట్టే 1,600 మిగిలింది. ఈఎంఐకి సిద్ధపడ్డ 2,110 ఎలాగూ ఉంది. మొత్తం 3,710. అందులో 2,500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఇంకా 1,210 ఉంటుంది.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరికింది. ఆరు నెలల్లో ప్లేస్టేషన్ స్టోర్‌కి 8,400. 299, 499, 999, అన్నీ రాత్రి పదకొండు దాటాకే. బాటిల్ పాస్‌లు (ఆటలో బహుమతుల టికెట్లు), తుపాకులకు రంగులు. కంట్రోలర్ గురించి రెండు వారాలు వాదించిన మనిషి వీటి గురించి రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. నెలకు 1,400 అవుతోంది. స్టోర్‌లోంచి డెబిట్ కార్డు తీసేయండి. నెలకు 500 లెక్కన గిఫ్ట్ కార్డుతో వాలెట్‌లో వేసుకోండి, అయిపోతే వచ్చే నెలే. అక్కడ 900 మిగిలింది. ఇందాకటి 1,210తో కలిపితే 2,110.

అదే 2,110, అదే తొమ్మిది నెలలు. చివర్లో మీ చేతిలో 18,990 నగదు ఉంటుంది. రికరింగ్‌లో 22,500, ఎఫ్‌డీలో 29,000, కార్డు బాకీ సున్నా. అప్పటికీ ఎడ్జ్ కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి, ఏ సేల్‌లోనో తగ్గితే ఇంకా మంచిది. సర్వీస్ సెంటర్ వాళ్లు మీ ప్యాడ్ మార్చి ఇచ్చి, బంపర్ జంపర్ చేతికి అలవాటైపోతే అసలు కొనాలనిపించకపోవచ్చు కూడా. అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకోవచ్చా అని ఇలాంటి ఉత్తరాల్లో చాలామంది అడుగుతుంటారు. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. అరిగే వస్తువుకి వారంటీ వదులుకోవడం నాకు నచ్చదు.

బిల్లు కాగితం కనబడకపోతే కంగారు పడకండి. సేల్‌లో ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి పాత ఆర్డర్లలో ఇన్‌వాయిస్ ఉంటుంది. దాని మీది తేదీ చూసి ఈ శనివారమే వెళ్లండి.

పందెం విషయానికి వస్తే, ఒకరు కన్సోల్ చూడలేదు, ఒకరు బ్యాన్ చూడలేదు, మీరు బాకీ చూడలేదు. బిర్యానీ ముగ్గురూ పంచుకోండి. మీ వాటా యూపీఐలో కట్టండి, కార్డు మీద వద్దు.