ముందు టెయిల్‌గేట్ సంగతి చూడు

చిరంజీవి కిరణ్‌కి,

బాబాయి ఆశీస్సులు. 2019 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నావనీ, వెనక సామాను వేసుకునే అయిదున్నర అడుగుల బెడ్ మీదికి గట్టి మడత కవర్ ఆర్డర్ పెట్టావనీ మీ నాన్న చెప్పాడు. మెత్తటి వినైల్ కవర్ జోలికి పోలేదు, మంచిదే. అది వానకి, దుమ్ముకి, పైనుంచి చూసే కళ్లకి అడ్డం, అంతే. బాక్స్ కట్టర్ ముందు ఒక్క నిమిషం కూడా ఆగదు. అల్యూమినియం పలకల కవర్ ఆగుతుంది. కానీ టెయిల్‌గేట్, అంటే బెడ్ వెనక తలుపు, దించగలిగినవాడికి ఆ పలకలతో పనే లేదు. కవర్ లోపలి గొళ్లేలు, వాటిని లాగే తీగ నేరుగా చేతికందుతాయి. అందుకే కవర్ పెట్టె విప్పకముందే టెయిల్‌గేట్ పని పూర్తి చెయ్యి.

మొదటిది రెండు మూడు డాలర్ల పని. చాలా పికప్‌లలో టెయిల్‌గేట్‌ని సగం దించి, ప్యాసింజర్ వైపు పైకి ఎత్తితే కీలులోంచి ఊడి వచ్చేస్తుంది. పెద్ద సామాను ఎక్కించేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవడానికి కంపెనీవాళ్లే అలా చేశారు. 2018 మే నుంచి అమెరికాలో కొత్త వాహనాలకి వెనక కెమెరా తప్పనిసరి అయింది. పికప్‌లలో అది ఎక్కువగా టెయిల్‌గేట్ హ్యాండిల్‌లోనే ఉంటుంది కాబట్టి మొత్తం తలుపే మంచి ధర పలుకుతోంది. హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ హోస్ క్లాంపు (గొట్టం చుట్టూ స్క్రూతో బిగించే పట్టీ) ఒకటి తెచ్చుకో. ప్యాసింజర్ వైపు కీలు కప్పుకి ఒక పక్క చీలిక కనిపిస్తుంది. క్లాంపు పట్టీ ఆ చీలిక మీదుగా వచ్చేలా చుట్టి బిగించు. స్క్రూ తల లోపలి వైపుకి తిప్పు, తలుపు మూస్తే కనపడకూడదు. తర్వాత తలుపుని మెల్లగా నాలుగైదుసార్లు దించి ఎత్తి చూడు. పట్టీ ఎక్కడైనా రాసుకుంటుంటే పెయింటు లేచిపోతుంది, కాస్త జరుపు. స్క్రూ గాడిలో ఒక చుక్క ఎపాక్సీ వేస్తే స్క్రూడ్రైవర్ దిగదు. ఎప్పుడైనా నువ్వే తలుపు తీయాల్సి వస్తే పట్టీని కోసేసి కొత్తది వేసుకో.

ఇక తాళం. నీది బేసిక్ మోడల్, తాళంచెవి తిప్పితేనే టెయిల్‌గేట్ లాక్ అవుతుంది. చెవి తిప్పే తాళానికి ఉన్న జబ్బు ఒకటే: మనిషి తిప్పడు. గ్రోసరీ షాపు ముందు రిమోట్ నొక్కి వెళ్లిపోతాడు, డోర్లు పడతాయి, వెనక తలుపు బార్లా. కాబట్టి డోర్లతో పాటే పడే ఎలక్ట్రిక్ లాక్ పెట్టించు. నీ మోడల్‌కి సరిపోయే కిట్ దొరుకుతుంది, శనివారం మధ్యాహ్నం కూర్చుంటే నువ్వే బిగించగలవు. టెయిల్‌గేట్ లోపలి వైపు ప్యానెల్‌కి టార్క్స్ (నక్షత్రం ఆకారపు గాడి) స్క్రూలు ఉంటాయి, అవి తీస్తే హ్యాండిల్ నుంచి రెండు పక్కల గొళ్లేలకి వెళ్లే కడ్డీలు కనిపిస్తాయి. లాక్‌ని కదిపే చిన్న మోటార్, అంటే యాక్చుయేటర్, అక్కడే కూర్చుంటుంది.

చెడేది ఎప్పుడూ వైరింగ్ దగ్గరే, కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. యాక్చుయేటర్‌కి రెండు వైర్లు. లాక్ నొక్కితే 12 వోల్టులు ఒక దిక్కున, అన్‌లాక్ నొక్కితే ఎదురు దిక్కున క్షణకాలం వస్తాయి. వీటిని డ్రైవర్ డోర్ వైర్లకి కలపకు. రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవర్ డోర్ ఒక్కటే తెరుచుకునేలా పెట్టుకుంటాం కదా, అప్పుడు ఆ ఒక్క నొక్కుకే టెయిల్‌గేట్ కూడా తెరుచుకుంటుంది. ప్యాసింజర్ డోర్ లాక్ మోటార్ వైర్లకి కలిపితే రెండోసారి నొక్కితేనే తెరుచుకుంటుంది. సరైన వైర్లు ఏవో మల్టీమీటర్ పెట్టి తేల్చుకో, రంగు చూసి నమ్మకు. బిగించాక డోర్లు లాక్ చేస్తే టెయిల్‌గేట్ తెరుచుకుంటోందంటే రెండు వైర్లూ తారుమారయ్యాయన్నమాట, మార్చేస్తే సరి. జాయింట్లు సోల్డర్ చేసి, పైన వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం వెయ్యి. వైరు మీద నొక్కి వదిలేసే ప్లాస్టిక్ క్లిప్పులు ట్రక్కు కింద రెండు వానాకాలాలకే తుప్పుపడతాయి, ఆ తర్వాత లాక్ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. కీలు దగ్గర వైరు వదులుగా ఉంచు. తలుపు పూర్తిగా దించినప్పుడు వైరు బిగుసుకుంటే కొన్నాళ్లకి లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. అలాంటి లోపాన్ని పట్టుకోవడానికి రోజంతా పోతుంది.

ప్యానెల్ ఎలాగూ తీశావు కాబట్టి హ్యాండిల్ వెనక ఒక సన్నటి స్టీలు రేకు కూడా బిగించు. హ్యాండిల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం పెకలిస్తే కడ్డీలు అందే మోడళ్లున్నాయి. రేకు ఉంటే అందవు. కడ్డీల కదలికకి అది తగలకుండా చూసుకో.

కవర్ వచ్చాక దాని రెయిళ్లని బెడ్ అంచు కింది పెదవికి క్లాంపులతో పట్టిస్తారు. నట్లు జోరుగా బిగించే ఇంపాక్ట్ గన్ మాత్రం తీయకు. 2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం, అతిగా బిగిస్తే ఆ పెదవి వంగుతుంది. ఇక అక్కడ రెయిలు సమంగా కూర్చోదు, నీళ్లు దిగుతాయి. కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఎంత బిగువు రాశారో బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో అంతే. బిగించాక ప్రతి నట్టు మీదా, దాని పక్కన క్లాంపు మీదా కలిపి పెయింట్ పెన్నుతో ఒక గీత గియ్యి. వారం తర్వాత గీతలు తప్పాయా లేదా టార్చి వేసి చూస్తే ఏది వదులైందో రెంచ్ పట్టకుండానే తెలుస్తుంది. క్లాంపులు ఊడితే కవర్ దొంగ దాకా కూడా ఆగదు, హైవే గాలికే లేస్తుంది.

తర్వాత వెనక సందు. కవర్‌కీ టెయిల్‌గేట్‌కీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంటే, వంచిన కమ్మీ ఒకటి దూర్చి గొళ్లెం తీగ లాగేయొచ్చు. కవర్ వెనక అంచు కింద అంగుళం అల్యూమినియం ఎల్-యాంగిల్ బిగించి తీగకి అడ్డం పెట్టు. టెయిల్‌గేట్ చుట్టూ రబ్బరు సీలు అంటించు. అంటించే ముందు ఆల్కహాల్‌తో తుడవకపోతే ఎండకి జారిపోతుంది. మరీ లావు సీలు కొనకు. తలుపు ఒక క్లిక్ దగ్గరే ఆగిపోతుంది, రెండో క్లిక్ పడదు. పైకి మూసినట్టే కనిపిస్తుంది కానీ గొళ్లెం సగమే పడి ఉంటుంది, లాక్ వేసినా లాభం లేదు.

కవర్‌కి గానీ, లోపల పెట్టుకునే టూల్‌బాక్స్‌కి గానీ తాళం ఉంటే దాని ముఖం మీద అంకెలు చూడు. సీహెచ్751 అని ఉంటే వెంటనే మార్చెయ్యి. ఆర్వీలకి (ఇల్లులాంటి బళ్లకి), ట్రక్కు మూతలకి లెక్కలేనన్నిటికి అదే తాళంచెవి, బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత తాళం వ్యాసం, పొడవు కొలిచి, గుండ్రటి గొట్టంలాంటి చెవి పట్టే క్యామ్ లాక్ తెచ్చి వేసుకో.

విలువైనవి కవర్ కింద వట్టిగా వదలకు. బెడ్‌లో స్టీలు పెట్టె బిగించాలనుకుంటే బోల్టు తల కింద, నట్టు పెట్టె లోపల ఉండేలా చూడు. మామూలుగా అందరూ నట్టు కింద పెడతారు, అప్పుడు ట్రక్కు కిందికి దూరి సాకెట్ వేసి విప్పేయొచ్చు. 3/8 అంగుళాల గుండ్రటి తల బోల్టులు నాలుగు కింది నుంచి పైకి తీసి, లోపల వెడల్పు వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) వెయ్యి. బోల్టుకీ బెడ్‌కీ మధ్య నైలాన్ వాషరు పెట్టు, లేకపోతే స్టీలూ అల్యూమినియమూ తగిలినచోట తడికి అల్యూమినియం తినుకుపోతుంది. రంధ్రాలు చేసే ముందు కింద పడుకుని చూడు. వెనక ఇరుసుకి ముందు, డ్రైవర్ వైపు పెట్రోల్ ట్యాంకు ఉంటుంది. బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు కూడా అక్కడక్కడే. డ్రిల్ బిట్‌కి ఒక చెక్క ముక్క తొడిగి, బెడ్ మందానికి కాస్త మించి మాత్రమే దిగేలా హద్దు పెట్టుకో.

ట్రాకర్ పెడదామనుకుంటే ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ 60 డిగ్రీల సెల్సియస్ వరకే పనిచేస్తుంది. టెక్సాస్ ఎండలో నల్ల కవర్ కింద ఆ అంకె పెద్ద దూరమేమీ కాదు, పైగా రేకు మధ్య సిగ్నల్ అందదు. వెనక లైటు ప్లాస్టిక్ పక్కన, నీడలో దాచు. డ్రిల్లు బ్యాటరీలు మాత్రం వేసవిలో ఇంట్లోకి తెచ్చుకో. మీ పిన్ని పంపించే ఆవకాయ సీసాలు కూడా, ఆ వేడికి నూనె పొంగి కారితే బెడ్ మ్యాట్‌కి పట్టిన మరక వదలదు.

పార్కింగ్‌లో వీలున్నప్పుడల్లా వెనక్కి వచ్చి గోడకి దగ్గరగా ఆపు. తలుపు దించడానికి జాగా లేకపోతే పైన చెప్పిన చాలా పనుల అవసరమే రాదు. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తే పాస్‌పోర్టులు, నగల సంచీ బెడ్‌లో వేయకండి, క్యాబ్‌లోనే, అదీ మీ కాళ్ల దగ్గర.

ఇంకొకటి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగు. బెడ్‌లోంచి పోయిన సొంత సామాను మామూలుగా కారు పాలసీలోకి రాదు, అద్దె ఇంటి పాలసీలోకి వస్తుంది. అందులో నీ డిడక్టిబుల్, అంటే నువ్వు భరించాల్సిన మొత్తం, ఎంతో కనుక్కో. బయట కొని వేసుకున్న కవర్‌కి కారు పాలసీలో విడిగా రాయించాలా అన్నది రెండోది. కవర్ రశీదు, సామాను సీరియల్ నంబర్ల ఫోటోలు ట్రక్కులో కాకుండా ఫోన్లో ఉంచుకో.

టార్క్స్ బిట్ల సెట్టు కొనకు, నా దగ్గర రెండున్నాయి, ఒకటి పంపిస్తాను. వైర్లు కలిపే ముందు మల్టీమీటర్ రీడింగ్ ఫోటో తీసి నాకు పెట్టు, చూసి చెప్తాను.

ఇట్లు,
బాబాయి