ఓరల్ సర్జరీ పీజీకి జనరల్ మెడిసిన్ ఎంతవరకు రావాలి?

ఎండీఎస్ (డెంటల్ పీజీ) ఓరల్ సర్జరీలో, అంటే నోరు, దవడల ఆపరేషన్ల విభాగంలో చేరబోతున్నానని, బీడీఎస్ (డెంటల్ డిగ్రీ) థర్డ్ ఇయర్‌లో చదివిన మెడిసిన్ అంతా మర్చిపోయానని, ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. నేను ఒంగోలులో ఈ పనే చేస్తున్నాను. ముందు ఊపిరి దారి, షుగర్, ఈ రెండూ గట్టిగా పట్టుకోండి.

మా దగ్గరికి ఒకాయన వచ్చాడు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని. పన్ను నొప్పికి ఊళ్ళో సూదులు వేయించుకుంటూ నెట్టుకొచ్చాడు. గడ్డం కింద రెండు వైపులా వాపు, దాని మీద పసుపు పట్టు. ముందుకు వంగి కూర్చుని, కారే చొంగకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. నాలుక కింద వేలు పెడితే చెక్కలా గట్టిగా తగిలింది. షుగర్ 400 దాటింది. లుడ్విగ్స్ ఆంజైనా అంటే ఇదే, పన్ను ఇన్ఫెక్షన్ గడ్డం కిందకీ నాలుక కిందకీ పాకి ఊపిరి దారిని మూసేసే జబ్బు.

ఇలాంటి మనిషిని సీటీ తీయాలని వెల్లకిలా పడుకోబెట్టారంటే ఊపిరి అక్కడే ఆగిపోవచ్చు. ముందు ఎనస్తీషియా (మత్తు డాక్టర్లు) వాళ్ళని పిలవాలి, ట్రాకియాస్టమీ (గొంతు దగ్గర కోసి ఊపిరికి దారి చేయడం) సెట్ పక్కన ఉండాలి. షుగర్ దిగాక చీము తీద్దామని కూర్చోకండి, చీము ఉన్నంతసేపూ అది సరిగా దిగదు. ఇన్సులిన్, డ్రైనేజీ (చీము తీయడం) రెండూ కలిసి నడవాలి. ఇన్సులిన్ డ్రిప్‌తో పొటాషియం పడిపోతుంది, చూసుకుంటూ ఉండాలి. ఆయన క్షేమంగా ఇంటికెళ్ళాడు.

హైవే మీద బైక్ యాక్సిడెంట్ కేసులు మీకు బోలెడు వస్తాయి. దవడ ఎక్స్‌రే కంటే ముందు జీసీఎస్ (స్పృహ ఎంత ఉందో చెప్పే 3 నుంచి 15 వరకు స్కోరు), కంటిపాపలు, మెడ ఎముక చూడండి. జీసీఎస్ 8, అంతకంటే తక్కువైతే ఊపిరికి ట్యూబ్ వేయాల్సిన మనిషే అనుకోండి.

మందుల్లో కొన్ని నోటికి రావాలి. లిగ్నోకైన్ (తిమ్మిరి సూది మందు) విడిగా అయితే కిలో బరువుకి గరిష్ఠంగా 4.4 మిల్లీగ్రాములు, ఎడ్రినలిన్‌తో అయితే 7. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్ళకి పన్ను తీయాలని ఆస్పిరిన్ ఆపించొద్దు. కనిగిరి వైపు నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్ళుంటారు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర రాయకండి. ఇది నేను మా పీజీలకి రోజూ చెప్పే మాట.

మెడిసిన్, ఐసీయూ పోస్టింగ్‌లు వచ్చినప్పుడు సంతకం పెట్టి వచ్చేయకండి. రాత్రి డ్యూటీలు అడిగి మరీ వేయించుకోండి, ఈసీజీ మీ చేత్తో తీసి, అక్కడున్న డాక్టర్‌తో కూర్చుని చదవండి.