ఎండు చింత కోస్తుంటే చైన్ సా నుంచి పొగ వస్తోంది: లోపం చెట్టుదా, చైన్‌దా?

ప్రశ్న: మాకు సముద్రం ఒడ్డున సరుగుడు తోట ఉంది. తోట నరికిన తరువాత, గట్టు మీద గాలివానకు కూలి ఏడాదిగా ఎండుతున్న చింత మానును, రెండు నల్ల తుమ్మ దుంగలను కోస్తున్నాను. మాది 58 సీసీ చైన్ సా, 18 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక). సరుగుడు బాగానే తెగింది. చింత దగ్గరికి వచ్చేసరికి పిండిలాంటి పొట్టు రాలుతోంది, పొగ వస్తోంది, కోత కుడివైపుకు వంకర పోతోంది. రెండుసార్లు చైన్ ఊడిపోయింది. చైన్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తున్నాను. చింత చేవకు ఈ మిషన్ చాలదని, 70 సీసీ మిషన్ కొనమని డీలర్ చెబుతున్నారు. కొనమంటారా?
– ఒక రైతు, భీమునిపట్నం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: కొనవద్దు. మీ మిషన్‌కు శక్తి చాలక వచ్చిన ఇబ్బంది కాదిది, చైన్ మొండిబారి వచ్చినది. చింత చేవ గట్టిదన్న మాట నిజమే గాని, పదునున్న చైన్ ఎండు చింతను సైతం బియ్యపు గింజల్లాంటి పలుకులుగా చెక్కి తీస్తుంది. పిండి రాలుతోందంటే పళ్లు చెక్కను కోయడం మాని రుద్దుతున్నాయని గ్రహించాలి. ఆ రాపిడికి వేడి పుట్టి పొగ వస్తుంది, వేడెక్కిన చైన్ సాగి వదులై బార్ గాడి నుంచి ఊడిపోతుంది. ఇలాంటి చైన్‌నే 70 సీసీ మిషన్‌కు తగిలిస్తే మరింత త్వరగా కాలిపోతుంది తప్ప కోత మెరుగుపడదు.

పదును పోయింది చింత దగ్గర కాదు, సరుగుడు తోటలోనే పోయి ఉంటుంది. సముద్రపు గాలికి ఎగిరే సన్నని ఇసుక సరుగుడు బెరడు పగుళ్లలో పేరుకుంటుంది, ఆ ఇసుక రేణువు చైన్ ఉక్కు కంటే గట్టిది. దుంగను నేల మీదే ఉంచి కోసేటప్పుడు బార్ కొన ఒక్కసారి ఇసుకలో దిగినా అప్పుడే పట్టిన సాన అంతా పోతుంది. పచ్చి సరుగుడులో మొండి చైన్‌తో ఎలాగో నెట్టుకొచ్చారు, ఎండు చేవ దగ్గర అది సాగలేదు. ఇకపై దుంగ కింద రెండు మొద్దులు ఎత్తుగా పెట్టి, కోత గీత వెంబడి బెరడును గొడ్డలితో చెక్కి శుభ్రం చేసిన తరువాతే మిషన్ ఆన్ చేయండి.

కోత కుడివైపుకు పోతోందంటే ఎడమ పళ్లు కుడి పళ్ల కంటే మొండిగానో పొట్టిగానో ఉన్నాయి. గట్టు మీది చెట్లకు ఎప్పుడో కొట్టిన మేకులు, కంచె తీగలు లోపలికి కలిసిపోయి ఉంటాయి, అవి తగిలితే ఒక పక్క పళ్లు ఇలా దెబ్బతింటాయి. తుమ్మ వంటి వగరు చెక్కలో ఇనుము ఉన్న చోట నీలి నల్లని మరక కనబడుతుంది, అటువంటి చోట కోయకండి. సాన పట్టాక కూడా వంకర పోతే బార్‌ను విప్పి చదునైన బల్ల మీద అంచు కింద పెట్టి నిలబెట్టి చూడండి. అది ఒక పక్కకు ఒరిగితే బార్ అంచులు ఎగుడుదిగుడుగా అరిగినట్లే.

సాన విషయంలో మాత్రం నా మాట పూర్తిగా వినండి. మీ మిషన్ తరహా వాటికి ఎక్కువగా 0.325 అంగుళాల పిచ్ (చైన్ రివెట్ల మధ్య దూరాన్ని బట్టి చెప్పే కొలత) చైన్ వస్తుంది, బార్ మీద ముద్రించిన అంకె చూసి నిర్ధారించుకోండి. దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడాలి. ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తొడుగు తీసి, బార్‌ను కదలకుండా బిగించండి. అన్నిటికంటే పొట్టి పన్నును ముందుగా సాన పట్టి, మిగిలినవాటిని దాని పొడవుకే తేవాలి. మామూలుగా కోణం 30 డిగ్రీలు, ఎండు చేవకు 25 డిగ్రీలు పెట్టుకుంటే పదును ఎక్కువసేపు నిలుస్తుంది. ఆకురాయిని లోపలి నుంచి బయటికి మాత్రమే నెట్టండి, వెనక్కి లాగేటప్పుడు పన్నుకు తగలనివ్వకండి. పన్నుకు మూడు నాలుగు తోపులు చాలు, పై అంచు మీద వెలుతురు పడినప్పుడు తెల్లని గీత మెరవకపోతే పదును వచ్చినట్లు. మిషన్‌లో పెట్రోలు నింపిన ప్రతిసారీ ఒకసారి ఇలా చేయాలి, మొండిబారాక గంటసేపు అరగదీయడం కాదు. మూడుసార్లు సాన పట్టాక, పన్ను ముందుండే లోతు గేజ్‌ను (పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించే చిన్న మొనను) చదును ఆకురాయితో రాచి, పన్ను పై అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంచండి. అంతకంటే దించితే చైన్ చెక్కను అందినంత లాక్కుని, మిషన్ మనిషి మీదికి ఎగదన్నుతుంది. పన్ను పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గిన చైన్‌ను పారేయండి.

కొందరు డీలర్లు చైన్‌ను కరెంటు గ్రైండర్ మీద పెట్టి రెండు నిమిషాల్లో సాన పట్టి ఇస్తారు. చక్రాన్ని ఒత్తిపెట్టి తిప్పినప్పుడు పన్ను కొన నీలంగా మారితే ఉక్కు పాడైనట్లే, దాని మీద ఆకురాయి జారిపోతుంది తప్ప పట్టదు. కస్టమర్‌కు కొత్త చైన్, ఆపైన కొత్త మిషన్ అంటగట్టే ముందు ఆకురాయి పట్టడం నేర్పించవలసిన బాధ్యత వారికి లేదా?

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను ఈరోజే ఆపేయండి. అందులోని లోహపు నలుసులు ఆయిల్ పంపును, బార్ గాడిని అరగదీస్తాయి, చైన్ నుంచి చిమ్మిన ఆ మురికి మీ భూమిలోకే ఇంకుతుంది. బార్ ఆయిల్ దొరకకపోతే ఎస్‌ఏఈ 30 కొత్త ఆయిల్ పోయండి. బార్ గాడిలో, ఆయిల్ రంధ్రంలో గట్టిపడిన పొట్టును సన్నని తీగతో గీకి తీసి, మిషన్ వేగం పెంచి బార్ కొనను తెల్ల కాగితానికి జానెడు దూరంలో పట్టుకుంటే దాని మీద నూనె చారలు పడాలి. చారలు పడనంతవరకు కోత మొదలుపెట్టవద్దు.

చైన్‌ను చల్లగా ఉన్నప్పుడు, బార్ కొనను పైకెత్తి పట్టుకుని బిగించండి. బార్ కింది అంచుకు అది ఆనుకుని ఉండాలి, గ్లవ్స్ వేసుకున్న చేతితో లాగితే సులువుగా తిరగాలి. కొత్త చైన్ మొదటి పదిహేను నిమిషాల్లోనే సాగుతుంది కనుక ఆగి మళ్లీ చూసుకోండి. వేడి మీద బిగించిన చైన్ చల్లారాక కుంచించుకుని క్రాంక్ షాఫ్ట్ బేరింగును లాగుతుంది, అందుకే పని ముగించగానే వదులు చేయండి. రెండుసార్లు ఊడిందన్నారు కాబట్టి గాడిలో తిరిగే లింకుల అంచులు దెబ్బతిని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే చూసి, గరుకు లేచినచోట నున్నగా రాచండి. చైన్‌ను తిప్పే పళ్ల చక్రమైన స్ప్రాకెట్ పళ్ల మీద అర మిల్లీమీటరు గాడి పడితే దాన్నీ మార్చాలి, లేకపోతే కొత్త చైన్ వేసినా మళ్లీ ఊడుతుంది. కొత్త చైన్ కొనేటప్పుడు పిచ్, గేజ్ (బార్ గాడిలో తిరిగే లింకు మందం), లింకుల సంఖ్య, మూడూ రాసుకుని దుకాణానికి వెళ్లండి.