సొల్యూషన్ పని చేసేవాళ్లకు వేళ్ల మీద తెల్లమచ్చలు వస్తే అది బొల్లేనా?

మీ ఆయన చెప్పుల యూనిట్‌లో సొల్యూషన్‌తో, అంటే అంటించే జిగురుతో, సోల్స్ అంటిస్తారని, వేళ్ల మీద తెల్లమచ్చలు వచ్చాయని, పిల్లలకు అంటుకుంటాయేమోనని అడిగారు. బొల్లి అయినా, సొల్యూషన్ వల్ల వచ్చిన మచ్చలైనా ఒకరి నుంచి ఒకరికి అంటుకోవండీ, ఆ టెన్షన్ వదిలేయండి. కాకపోతే మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా కుష్ఠు పరీక్ష చేయించండి, దాని మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

నేనూ పేస్టింగ్‌లో పనిచేసినదాన్నే. నాకు బ్రష్ పట్టుకునే చోట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, రవ్వ చల్లినట్టు సన్నటి తెల్లచుక్కలు లేచాయి. దురదా లేదు, మంటా లేదు, అందుకే మా దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత సొల్యూషన్ అసలు తగలని మోచేతి దగ్గరా వచ్చాయి, అలా రావడం మామూలేనని డాక్టరమ్మ చెప్పారు. చాలా రకాల సొల్యూషన్లలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనంతో చేసిన రెజిన్ (జిగట పదార్థం) ఉంటుంది, ఆ రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలనే దెబ్బతీస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బా లేబుల్ ఫొటో తీసుకెళ్లండి, 98-54-4 అనే నంబరు కనిపిస్తే అది ఈ రసాయనానిదే. ఈఎస్‌ఐ కార్డు ఉంటే అక్కడే చూపించి, ఏం పని చేస్తారో చీటీలో తప్పకుండా రాయించండి.

ఏదో ఒక గ్లోవ్స్ కొనిస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. 1939లో అమెరికాలో తోళ్ల ఫ్యాక్టరీ కార్మికుల చేతులు తెల్లబడితే, కారణం వాళ్ల రబ్బరు గ్లోవ్స్‌లో కలిపిన రసాయనమేనని తేలింది! పైగా పల్చటి గ్లోవ్స్‌లోంచి థిన్నర్ (జిగురును పల్చన చేసే ద్రవం) లోపలికి దిగుతుంది. చేతులు థిన్నర్‌తోనో పెట్రోల్‌తోనో కడగడం ఈరోజే మానిపించండి, కొబ్బరినూనె రాసి జిగురు వదిలించి సబ్బుతో కడుక్కుంటే చాలు.

రంగు తిరిగి రావడానికి వాడే ట్యాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, లైట్ థెరపీ లాంటివి డాక్టర్ చెప్తేనే వాడాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీములు రాయొద్దు. రంగు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల నుంచే తిరిగొస్తుంది, నాకు మోచేతి దగ్గర ఒక్కో వెంట్రుక చుట్టూ గోధుమరంగు చుక్క పుట్టి అవన్నీ మెల్లగా కలిసిపోయాయి, వెంట్రుకలుండని వేళ్ల కొసలు మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. అయితే సొల్యూషన్ తగులుతున్నన్నాళ్లు ఏ వైద్యమూ నిలబడదు కాబట్టి, ముందు మేస్త్రీతో మాట్లాడి ప్యాకింగ్‌లోకో కుట్టు సెక్షన్‌లోకో మార్పించుకోమనండి. మారాక కూడా కొన్నాళ్లు కొత్త చుక్కలు రావచ్చు, కంగారుపడి మందు ఆపేయొద్దు.