బెర్లిన్‌లో కొడుకు, కాజీపేటలో దిగులు

ప్రశ్న: ఆపా, మా చిన్నోడు నిరుడు ఎం.ఎస్. చదవడానికి బెర్లిన్ వెళ్లాడు. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ ఉండి జుమ్మా నమాజ్ తప్పిపోతోందట. చలికాలంలో జొహర్, అసర్, మగ్రిబ్ నమాజులు మూడూ క్లాసుల టైములోనే వస్తాయట. సాయంత్రం ఫ్రెండ్స్ బీరు తాగే చోటికి రమ్మంటారు. "అమ్మీ, అక్కడ నేను కాజీపేట పిల్లాణ్ణి. ఇక్కడ ముందు ముస్లింను, తర్వాతే ఇంకేదైనా" అన్నాడు మొన్న. యూరప్‌లో తలగుడ్డ (హిజాబ్) మీద నిషేధం అని టీవీలో చూసినప్పటి నుంచి వాళ్ల అబ్బాకు ఇంకా భయం. రోజూ ఫోన్లో "నమాజ్ చదివావా?" అని గద్దిస్తారు. వాడు ఫోన్ ఎత్తడం తగ్గించాడు. దీన్ (మతనిష్ఠ) పోగొట్టుకుంటాడేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, కాజీపేట

జవాబు: చెల్లీ, మీ అబ్బాయి అన్న ఆ మాట నన్ను వదలడం లేదు. కాజీపేటలో వాడు తన మతం గురించి ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సుకు హిందువులూ వస్తారు. మన పల్లెల్లో పీర్ల పండక్కి పీరీలు ఎత్తేవాళ్లలో చాలామంది ముస్లింలు కారు. అజాన్ వినపడితే కాళ్లే మసీదుకు నడుస్తాయి. బెర్లిన్‌లో గడియారం వాడే చూసుకోవాలి, నమాజ్ ఎందుకు చదువుతున్నావని అడిగితే వాడే చెప్పాలి. ఇన్నాళ్లూ ఇంటి నుంచి, వీధి నుంచి వచ్చిన దీన్‌ను ఇప్పుడు తనదిగా చేసుకుంటున్నాడు. ఆ పనికి కొంచెం టైము ఇవ్వండి.

జుమ్మా సంగతి. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలా లెక్చర్లకు హాజరు తప్పనిసరి కాదు, టైంటేబుల్ చాలావరకు విద్యార్థే వేసుకుంటాడు. వచ్చే సెమిస్టర్‌లో శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ ఉంచుకోమనండి. డిసెంబరులో అక్కడ నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి ఆ వేళ చదివే మగ్రిబ్ కూడా క్లాసులోనే పడుతుంది. ఐదు నిమిషాలు బయటికి వెళ్లొస్తానని ప్రొఫెసర్‌ను మర్యాదగా అడిగితే చాలు. రంజాన్ కూడా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి ఇప్పుడు చలికాలంలోకి పోతోంది. చలికాలంలో అక్కడ పగలు చిన్నది కాబట్టి రానున్న కొన్నేళ్లలో వాడి రోజా (ఉపవాసం) మన రోజాకన్నా చిన్నదే అవుతుంది!

ఫ్రెండ్స్‌తో వెళ్లనివ్వండి. "నేను తాగను" అని ఒకసారి చెప్పి జ్యూస్ తెచ్చుకుంటే సరిపోతుంది. గదిలో ఒంటరిగా కూర్చోవడమే నాకు ఎక్కువ భయం. తిండికీ ఇబ్బంది లేదు. 1961లో జర్మనీ, టర్కీ చేసుకున్న ఒప్పందంతో పనికి వచ్చిన టర్కీవాళ్ల కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. క్రాయిట్స్‌బెర్గ్, నాయ్‌కెల్న్ పేటల్లో హలాల్ మాంసం దొరుకుతుంది. మెత్తటి మిఠాయిల్లో మాత్రం తరచుగా పంది జెలటిన్ (పంది చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) ఉంటుంది, ప్యాకెట్ మీద చూసుకోమనండి.

వాళ్ల అబ్బాకు చెప్పండి, యూరప్ అంతా ఒకటి కాదు. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ బడుల్లో పిల్లలు తలగుడ్డ కట్టుకోవడాన్ని ఆపింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2015లో టీచర్ల తలగుడ్డ మీద కూడా గంపగుత్త నిషేధం చెల్లదంది. ఆస్ట్రియా 1912లోనే ఇస్లాంను చట్టంతో గుర్తించింది.

మనవాళ్లు ఈ దారిలో ముందే నడిచారు. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ 1926లో బెర్లిన్‌లోనే డాక్టరేట్ తీసుకుని, ఢిల్లీలోని జామియా మిలియా విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా దశాబ్దాలు పారిస్‌లో ఉండి, 1959లో ఖురాన్‌కు ఫ్రెంచి అనువాదం తెచ్చారు. ఈ ఇద్దరి గురించీ వాడికి చెప్పండి. ఎవరైనా అడిగినప్పుడు బదులివ్వాలంటే చదువు కావాలి, తండ్రి గద్దింపు అందుకు పనికిరాదు.

అందుకే ఫోన్లో ముందు "ఏం తిన్నావు, ల్యాబ్ ఎలా ఉంది" అని అడగమనండి. నమాజ్ మాట వాడే ఎత్తుతాడు, ఓపిక పట్టండి. ఎవరైనా మతం పేరుతో తిట్టినా, ఇల్లు అద్దెకు ఇవ్వకపోయినా దాచుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. వివక్ష మీద 2006 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. దానికోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ కార్యాలయం బెర్లిన్‌లోనే ఉంది, సలహాకు డబ్బు తీసుకోరు.